నల్ల కారుకు ఆల్ ఇన్ వన్ పాలిష్: ఏ సీసా కొనాలి, ఏ ప్యాడ్ వేయాలి?

అనకాపల్లి_నల్లకారు అడిగిన ప్రశ్న:

నమస్కారం. రెండేళ్ల క్రితం ఒక రిటైర్డ్ లెక్చరర్ దగ్గర నల్ల సెడాన్ కొన్నాను. ఇంజను విషయంలో ఆయనకు చేతులెత్తి మొక్కాలి. రంగు దగ్గరికి వచ్చేసరికి మాత్రం నీడలో ఒక కారు, ఎండలో మరో కారు. సాయంత్రం బ్యాంకు మెట్లు దిగుతూ చూస్తే నిగనిగలాడుతుంది. అదే మధ్యాహ్నం బానెట్ మీదికి వంగి చూస్తే, సూర్యుడి ప్రతిబింబం చుట్టూ సాలెపురుగు గూడు కట్టినట్టు వందల సన్న గీతలు.

కారణం ఏమిటో తెలుసు. మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్ తెల్లవారుజామున ఒకే బకెట్టు నీళ్లతో, ఒకే పాత లుంగీ ముక్కతో పదకొండు కార్లు తుడుస్తాడు. నాది తొమ్మిదోది. ముందున్న ఎనిమిది కార్ల దుమ్మునూ నా బానెట్ మీద రుద్దుతున్నాడని గ్రహించడానికి నాకు ఏడాదిన్నర పట్టింది. అతన్ని తప్పుపట్టలేను, నెలకు ఆరు వందలు ఇచ్చి తుడవమన్నది నేనే. ఇది చాలదన్నట్టు పక్కింటి మామిడి కొమ్మ సరిగ్గా నా పార్కింగ్ మీదికి వంగి ఉంటుంది. పూత కాలంలో ఆ కొమ్మ నుంచి తేనెమంచు (పూతను పట్టే పురుగులు వదిలే జిగట ద్రవం) బొట్లు బొట్లుగా పడి, ఎండకు అట్టకట్టి, దుమ్ము పట్టి మచ్చలయ్యాయి.

సంక్రాంతికి ముందు ఊళ్లో ఒక వాటర్ సర్వీసింగ్ షెడ్డులో రబ్బింగ్ పాలిష్ చేయించాను. గంటంబావులో కారు అద్దంలా తయారైంది. మా ఆవిడ డోరులో చూసుకుని బొట్టు దిద్దుకుంది. నాలుగు సార్లు కడిగేసరికి పాత గీతలన్నీ తిరిగి వచ్చాయి. వాటితో పాటు, రాత్రి వీధి దీపం కింద మాత్రమే కనిపించే వంకర టింకర మెరుపు చారలు కొత్తగా వచ్చి చేరాయి.

ఆ కోపంలో సొంతంగా డీఏ (డ్యూయల్ యాక్షన్) పాలిషింగ్ మెషిన్ కొన్నాను. 15 మి.మీ. త్రో (ప్యాడ్ అటూ ఇటూ ఊగే దూరం), ప్యాడ్ అంటించే ప్లేటు ఐదంగుళాలు. పెట్టెలో మూడు ఫోమ్ ప్యాడ్లు వచ్చాయి: పసుపు, నారింజ, నలుపు. ఏది దేనికో చెప్పే కాగితం లేదు. పసుపు అన్నింటికన్నా మెత్తనిదని ఒక వీడియోలో చెబుతున్నారు, అన్నింటికన్నా గరుకుదని ఇంకో వీడియోలో చెబుతున్నారు.

గీతలు కోసే కాంపౌండ్, మెరుపు తెచ్చే పాలిష్, పైన కప్పే వ్యాక్స్ అంటూ మూడు విడతలు చేసే ఓపిక లేదు. ఆ మూడు పనులూ ఒకే సీసాతో చేసే ఆల్ ఇన్ వన్ ఒకటి చాలనుకుంటున్నాను. మెన్జెర్నా త్రీ ఇన్ వన్, త్రీడీ స్పీడ్, మెగ్వయర్స్ కలర్ఎక్స్, ఈ మూడింటి మధ్య ఊగుతున్నాను. ఏది తీసుకోమంటారు? దాని కింద ఏ ప్యాడ్? చేతిలో ఒక్క ఆదివారం ఉంది.

జోరు_బండి:

ఇంత ఆలోచన దేనికండీ? ఉన్ని ప్యాడ్ తగిలించి గట్టి కాంపౌండ్ పట్టించండి, ఒక్క గీత మిగలదు. ఆ పైన సిరామిక్ కోటింగ్ (రంగు మీద గట్టిపడే రక్షణ పొర) వేయించేస్తే మూడేళ్లు దాని వంక చూడక్కర్లేదు. ఆల్ ఇన్ వన్ అనేది అమ్మకానికి పెట్టే కార్లకు పూసే మేకప్.

ఆటోనగర్_షెడ్డు:

జోరు గారూ, మీ మాటలో చివరి వాక్యం సగం నిజం. ముందున్న రెండూ వద్దు.

విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై ఆరేళ్లు పెయింట్ షెడ్డు నడిపాను. ఇప్పుడు మా అబ్బాయి చూసుకుంటున్నాడు. నేను వెళ్లి కూర్చుని వాడి కుర్రాళ్లు పాడుచేసిన ప్యాడ్లు లెక్కపెడుతుంటాను. కాబట్టి తీరిగ్గా చెబుతాను, కాస్త పొడుగైతే ఏమీ అనుకోకండి.

ముందు జోరు గారి ఉన్ని ప్యాడ్ సంగతి. కంపెనీ నుంచి వచ్చే కారు మీద ప్రైమరు, రంగు, పైన పారదర్శకంగా ఉండే క్లియర్ కోట్, అన్నీ కలిపి మామూలుగా 100 నుంచి 140 మైక్రాన్ల మందం. అందులో క్లియర్ కోట్ వాటా 35 నుంచి 50. మన తల వెంట్రుక సుమారు 70 మైక్రాన్లు అనుకుంటే, మీ కారు మెరుపంతా సగం వెంట్రుక మందంలో ఉందన్నమాట. ఎండ నుంచి రంగును కాపాడే పదార్థం కూడా ఆ పొరలోనే ఉంటుంది. ప్రతి రుద్దుడూ అందులో కొంత తినేస్తుంది. ఒకసారి షెడ్డు వాళ్లు తిన్నారు. మీకన్నా ముందు లెక్చరర్ గారు ఎన్నిసార్లు చేయించారో మనకు తెలియదు. మందం కొలిచే మీటరు చేతిలో లేకుండా ఉన్ని ప్యాడ్, గట్టి కాంపౌండ్ పట్టుకోవడం, బావి లోతు తెలియకుండా దూకడమే.

ఆ షెడ్డులో ఏం జరిగిందో చూడకుండానే చెప్పగలను. ఊగకుండా గుండ్రంగా మాత్రమే తిరిగే రోటరీ మెషిన్ మీద ఉన్ని ప్యాడ్, నూనె ఎక్కువగా ఉన్న కాంపౌండ్. గీత పోలేదు, నిండింది. గోడ పగుళ్లలో సున్నం పూసినట్టు ఆ నూనెలు గీతల్లో చేరి కనబడనీయలేదు. నాలుగు సార్లు షాంపూ పడేసరికి కడుక్కుపోయింది. వీధి దీపం కింద కనిపిస్తున్న చారలు రోటరీ తిరిగిన జాడలు. వాటిని హోలోగ్రాములు అంటారు. మీ డీఏ మెషిన్ తిరుగుతూనే అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి ఆ చారలు వేయదు. వాటిని తీయడానికి అదే తగిన పరికరం కూడా.

ఇక ఆల్ ఇన్ వన్. ఒకే సీసాలో రాపిడి రేణువులు, గీతలను కప్పే నూనెలు, పైన నిలిచే వ్యాక్స్ లేదా సీలెంట్ (వ్యాక్స్ లాంటి కృత్రిమ పూత). పెళ్లింట్లో ఒకే మనిషి వండి, వడ్డించి, విస్తళ్లు కూడా ఎత్తినట్టు. పని జరుగుతుంది, అతిథులు తింటారు. కానీ వంటవాడిని వంటవాడిగానే పెట్టుకున్నంత రుచి రాదు. వాచ్‌మన్ గుడ్డ వారానికి ఏడు రోజులు తగిలే కారుకు అంత రుచి అవసరమూ లేదు. మీకు తట్టింది సరైన ఆలోచనే. సన్న గీతల్లో ఎక్కువ భాగం పోతాయి, గోరుకు తగిలే లోతు గీతలు ఉంటాయి. దానికి సిద్ధపడండి.

మీరు సీసా గురించి మూడు పేర్లు రాసి, ప్యాడ్ గురించి ఒక్క వాక్యం రాశారు. నా లెక్కలో అది తలకిందులు. మా అమ్మ చింతపండుతో ఇత్తడి చెంబులు తోమేది. అదే చింతపండును కొబ్బరి పీచుతో రుద్దితే నలుపు వదిలేది కానీ చెంబు మీద గీతలు పడేవి. మెత్తటి గుడ్డతో రుద్దితే గీత పడేది కాదు, నలుపూ తొందరగా వదిలేది కాదు. చింతపండు మారలేదు కదా! మీ సీసా చింతపండు. పై పొరను ఎంత కోయాలో, ఎంత మెరవాలో చాలావరకు తేల్చేది దాని కింద ఉన్న పీచు.

పసుపు గురించి రెండు వీడియోల వాళ్లూ అబద్ధం చెప్పలేదు. ప్యాడ్ల రంగులకు అందరూ ఒప్పుకున్న కట్టుబాటు లేదు. రూపెస్ కంపెనీ వాళ్ల ఫోమ్‌లలో నీలం గరుకు, ఆకుపచ్చ మధ్యరకం, పసుపు మెత్తన, తెలుపు ఇంకా మెత్తన. లేక్ కంట్రీ కంపెనీ వాళ్ల సీసీఎస్ అనే ప్యాడ్ల వరుసలో పసుపే గట్టి కటింగ్ ప్యాడ్. ఒకరి పద్ధతి చదివి ఇంకొకరి ప్యాడ్ వేసినవాళ్లు మా షెడ్డుకు వచ్చి ఏడ్చారు. రంగును పక్కన పెట్టి బొటనవేలితో నొక్కి చూడండి. గట్టిగా ఎదురుతిరిగి, రంధ్రాలు పెద్దవిగా, చెంపకు ఆనిస్తే గరగరలాడేది కటింగ్ ప్యాడ్. మినపప్పు ఇడ్లీలా దిగిపోయి నెమ్మదిగా లేచేది ఫినిషింగ్ ప్యాడ్. మధ్యలో ఉన్నది పాలిషింగ్ ప్యాడ్. మీ మూడింటిలో పసుపు గట్టిది, నలుపు మెత్తనిది అయి ఉంటాయని నా ఊహ, వేలితో మీరే ఖాయం చేసుకోండి. పసుపుది గట్టిదని తేలితే దాన్ని అటక మీద పెట్టేయండి.

మెషిన్ పట్టేముందు కారు నిజంగా శుభ్రంగా ఉండాలి. రెండు బకెట్లతో కడగండి: ఒకటి షాంపూ నీళ్లు, ఒకటి గ్లవ్ జాడించే నీళ్లు. తడి ఆరాక చేతికి పలుచటి పాలిథీన్ కవరు తొడుక్కుని బానెట్ మీద నిమరండి. ఇసుక మీద నిమిరినట్టుంటే క్లే బార్ (అంటుకున్న మురికిని లాగేసే బంకమట్టి లాంటి ముద్ద) వేయాలి. రైలు పట్టాల దగ్గర ఇల్లుంటే ఇనుప రజను కూడా అంటుకుని ఉంటుంది. దానికి ఐరన్ రిమూవర్ కొడితే ఊదా రంగులో కారుతుంది. తేనెమంచు మచ్చలను గోకకండి. గోరువెచ్చని షాంపూ నీళ్లలో తడిపిన గుడ్డ పది నిమిషాలు వేసి ఉంచండి, చాలావరకు కరిగి వస్తాయి. ఆ తర్వాత కూడా నీడలా మిగిలితే అది క్లియర్ కోట్‌లోకి దిగిందని అర్థం, ఆల్ ఇన్ వన్ దాన్ని తీయలేదు.

ఇప్పుడు అసలు పని. కారంతా మొదలుపెట్టకండి. బానెట్ మీద ఒకటిన్నర అడుగు చదరం టేపు వేసి విడగొట్టండి. నల్ల, మెత్తటి ప్యాడ్‌తోనే మొదలుపెట్టండి. శనగగింజంత బొట్లు నాలుగు. మెషిన్ ఆపి ఉండగా ప్యాడ్‌ను అద్ది, ఒకటో స్పీడు నంబరు మీద పరచండి. తర్వాత నాలుగు, నాలుగున్నర. నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి, అలా నాలుగు విడతలు. చెయ్యి సెకనుకు ఒక అంగుళం కదిలితే చాలు. అందరూ ఇల్లు ఊడ్చినట్టు ఊపేస్తారు, అక్కడే సగం పని పోతుంది. బ్యాకింగ్ ప్లేటు అంచు మీద మార్కరుతో ఒక గీత పెట్టుకోండి. నడుస్తున్నప్పుడు ఆ గీత తిరుగుతూ కనబడాలి. ఆగిపోయిందంటే మీరు ఎక్కువ నొక్కుతున్నారు, లేదా వంపు మీద ప్యాడ్ ఒక పక్కకు ఆనింది. 15 మి.మీ. డీఏలు ఈ రెండు చోట్లా తిరగడం మాని ఊగుతుంటాయి.

తుడిచి చూశాక మురిసిపోకండి. అప్పుడు మెరిసేది నూనె. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను నీళ్లలో కలిపి, నాలుగో వంతుకు మించకుండా, ఆ చదరం మీద మాత్రం చల్లి తుడవండి. ఫోను లైటు వేసి చూడండి. ఇప్పుడు కనబడేదే నిజం. గీతలు మీకు సరిపోయినంత తగ్గితే ఆ ప్యాడే మీది. తగ్గకపోతే పక్కనే ఇంకో చదరంలో నారింజ. సీసా మార్చకండి, ప్యాడ్ మార్చండి. పరీక్ష చేసిన చోట వ్యాక్స్ కూడా పోతుంది కాబట్టి చివర్లో అక్కడ మళ్లీ ఒక విడత తిప్పండి.

సీసా పేరు చెప్పమన్నారు కదా. మెన్జెర్నా త్రీ ఇన్ వన్, త్రీడీ స్పీడ్ రెండూ మెషిన్‌ను దృష్టిలో పెట్టుకుని చేసినవి. కలర్ఎక్స్ క్లీనర్ వ్యాక్స్ (కొద్దిగా మురికి తీస్తూ వ్యాక్స్ వేసేది) జాతి, చేత్తో పట్టించడానికీ అనువైనది. మీ దగ్గర మెషిన్ ఉంది కాబట్టి మొదటి రెండింటిలో ఏది చిన్న సీసాగా దొరికితే అది. సీసా మీద రాసినది చదవండి. కొన్ని పాలిష్‌లలో రేణువులు రుద్దేకొద్దీ నలిగి సన్నబడతాయి, వాటిని మధ్యలో ఆపితే మసక వదిలిపెడతాయి. కొన్నింటిలో మొదటి నుంచీ సన్నగానే ఉంటాయి. సెడాన్‌కు నూరు మి.లీ. పైచిలుకు పడుతుంది, లీటరు డబ్బా కొని అటక మీద దాచకండి.

మిగిలిన డబ్బుతో ప్యాడ్లు కొనండి. ఇదే నేను చెప్పదలచుకున్నది. ఒక రకానివి కనీసం నాలుగు. ఆల్ ఇన్ వన్‌లో వ్యాక్స్ ఉంటుంది, దానికి ఊడివచ్చిన పాత పెయింటు కలిసి ఫోమ్ రంధ్రాల్లో పేస్టులా పేరుకుంటుంది. నిండిన ప్యాడ్ కోయదు, వేడెక్కుతుంది, తుడవడానికి రాని జిడ్డు వదులుతుంది, చివరికి వెల్‌క్రో దగ్గర ఊడుతుంది. ప్రతి ప్యానెల్‌కూ బ్రష్‌తో గీకండి, రెండు ప్యానెళ్లకు ఒకసారి ప్యాడ్ మార్చండి. ఒక్క ప్యాడ్‌తో కారంతా చేసినవాడు డిక్కీ దగ్గరికి వచ్చేసరికి పాలిష్ చేయడం లేదు, పూస్తున్నాడు.

నల్ల బీడింగులకు, నల్ల ప్లాస్టిక్ ముక్కలకు టేపు వేయండి. ఈ పాలిష్ వాటి మీద ఎండితే తెల్లగా పట్టుకుంటుంది. అనకాపల్లి ఉక్కలో తెల్లవారుజామున మొదలుపెట్టడం మంచిది. బానెట్ మీద అరచెయ్యి పెడితే చల్లగా తగలాలి.

ఫ్రిస్కో_గ్యారేజీ:

షెడ్డు గారు రాసింది ప్రింటు తీసి గ్యారేజీ గోడకు అంటించుకున్నాను. ఒక్క చోట మాత్రం చిన్న తేడా.

నేను టెక్సస్‌లో ఉంటాను. ఇంట్లో రెండు కార్లు: ఒక జర్మన్ బూడిద రంగు, ఒక జపాన్ నలుపు. రెండింటికీ ఒకే సీసా వాడాను. జర్మన్ కారు మీద మెత్తటి ప్యాడ్‌తో ఎంత తిప్పినా గీతలు నన్ను చూసి నవ్వాయి, మధ్యరకం ప్యాడ్ వేశాకే కదిలాయి. ఆ ధైర్యంతో నల్ల కారు మీద ఇంకా ఎక్కువ కోసే మైక్రోఫైబర్ ప్యాడ్ వేశాను. గీతలు పోయాయి. వాటి బదులు బానెట్ అంతా పొగమంచు పట్టినట్టు సన్నటి మసక. నేరుగా చూస్తే తెలియదు, పక్క నుంచి వెలుతురు పడితే బూడిద పూసినట్టుంటుంది. ఒక శనివారం గీతలు తీశాను, మరుసటి శనివారం ఆ మసక తీశాను. జర్మన్ కార్ల క్లియర్ కోట్ గట్టిగా, జపాన్ కార్లది మెత్తగా ఉంటుందని ఇక్కడ అందరూ అంటారు. మొత్తం మీద నిజమే కానీ మోడల్ మోడల్‌కూ మారుతుంది. తిరిగి పెయింట్ వేయించిన డోరు ఉంటే అది మూడో రకం.

నా తేడా ఏమిటంటే, డీఏ మెషిన్, ఆల్ ఇన్ వన్ కలిసినప్పుడు మధ్యరకం ఫోమ్‌తోనే మొదలుపెడతాను. మెత్తటి ప్యాడ్‌తో మొదటి చదరం దాదాపు ఎప్పుడూ వృథా అవుతుందని నా అనుభవం.

జోరు గారి సిరామిక్ గురించి కూడా ఒక మాట. దానికి అడుగున వ్యాక్స్, నూనె ఉండకూడదు, కోటింగ్ పట్టదు. ఆల్ ఇన్ వన్ చేసి దాని మీదే సిరామిక్ వేయాలనుకునేవారు ఆ నూనెలన్నీ తుడిచేయాలి, అప్పుడు సగం డబ్బు తుడిచేసినట్టే. ఇప్పటికే సిరామిక్ ఉన్న కారు మీద దీన్ని తిప్పితే రాపిడికి ఆ కోటింగే అరుగుతుంది.

ఆటోనగర్_షెడ్డు:

ఫ్రిస్కో గారూ, మీ చదరం వృథా అయితే పది నిమిషాలు పోతాయి. గరుకుతో మొదలుపెట్టి అది ఎక్కువైతే క్లియర్ కోట్ పోతుంది. పది నిమిషాలు మళ్లీ వస్తాయి. అయినా మీ పొగమంచు కథ చెప్పినందుకు సంతోషం, నేను చెబితే నమ్మరు.

తిరుపతి_తెల్లకారు:

మధ్యలో నా సందేహం కూడా తీర్చండి. మా నాన్నగారి ఇరవై రెండేళ్ల చిన్న తెల్ల కారు నా దగ్గర ఉంది. ఆయన జ్ఞాపకంగా అమ్మకుండా ఉంచాను. మెషిన్ లేదు, కొనే ఉద్దేశమూ లేదు. క్లీనర్ వ్యాక్స్ చేత్తో రుద్దుతుంటే గుడ్డ తెల్లగా సుద్ద పట్టినట్టు అవుతోంది. భయపడి ఒక్క డోరుతో ఆపేశాను. పెయింటే ఊడిపోతోందా?

ఆటోనగర్_షెడ్డు:

అవునమ్మా, ఊడుతున్నది పెయింటే. కానీ భయపడే రకం కాదు. మీరు చెప్పినదాన్ని బట్టి మీ కారు మీద క్లియర్ కోట్ లేదు, రంగే పై పొర. ఎండకు పైపైన చచ్చిన రంగు సుద్దలా మారుతుంది, అది గుడ్డకు వస్తోంది. దాని కింద నాన్నగారు కొన్ననాటి తెలుపు ఉంటుంది. క్లియర్ కోట్ ఉన్న కారైతే గుడ్డకు కారు రంగు రాకూడదు, వస్తే వెంటనే ఆపేయాలి. మీ కారుకు ఆ నియమం వర్తించదు.

నిజానికి ఆల్ ఇన్ వన్ అచ్చంగా కుదిరేది ఇలాంటి పాత కార్లకే. చచ్చిన పొర తీస్తుంది, ఎండిపోయిన రంగుకు నూనె ఇస్తుంది, పైన వ్యాక్స్ కప్పుతుంది. చేతికి గుడ్డ చుట్టుకుని రుద్దకండి, వేళ్ల ఒత్తిడి చారలుగా పడుతుంది. అరచేతిలో పట్టే గుండ్రటి ఫోమ్ అప్లికేటర్లు దొరుకుతాయి, అరడజను తెచ్చుకోండి. రోజుకు రెండు ప్యానెళ్లు చాలు. బానెట్ మడత గీతల మీద, డోరు అంచుల మీద మాత్రం ఒత్తకండి. అక్కడ రంగు పలుచగా ఉంటుంది, ప్రైమరు బయటపడితే మళ్లీ నా వంటివాడి దగ్గరికి రావాల్సిందే.

అనకాపల్లి_నల్లకారు (మూడు వారాల తర్వాత):

ఆలస్యానికి మన్నించండి. మార్చి నెలాఖరు బ్యాంకు ఉద్యోగికి ఎలా ఉంటుందో తెలిసిందే. నిన్న ఆదివారం పని అయింది, అంటే దాదాపు అయింది.

బొటనవేలి పరీక్షలో షెడ్డు గారి ఊహే నిజమైంది, పసుపు ప్యాడ్ గట్టి అట్టలా ఉంది. అటకెక్కింది. నల్లవి రెండు, నారింజవి నాలుగు అదనంగా తెప్పించాను. సీసా త్రీడీ స్పీడ్, విశాఖపట్నంలో చిన్నది దొరికింది. ప్యాడ్లకు సీసా కన్నా ఎక్కువ అయింది. మా ఆవిడ బిల్లు చూసి, స్పాంజి ముక్కలకు ఇంత ధరా అని రెండు సార్లు అడిగింది.

అయిదున్నరకు మొదలుపెట్టాను. మొదటి చదరం నల్ల ప్యాడ్‌తో. తుడవగానే ముఖం కనిపించింది, నేను నిజంగానే మురిసిపోయాను. ఆల్కహాల్ చల్లి ఫోను లైటు వేస్తే గీతలు ఉన్నచోటే ఉన్నాయి, కాస్త బెదిరినట్టు మాత్రం కనిపించాయి. ఫ్రిస్కో గారికి ఒక మార్కు. రెండో చదరం నారింజతో. ఈసారి ఆల్కహాల్ తర్వాత కూడా సాలెగూడు లేదు, లోతైన నాలుగు గీతలు తప్ప. కానీ లైటు పక్క నుంచి వేసినప్పుడు అదే పొగమంచు, ఫ్రిస్కో గారు చెప్పినట్టే. షెడ్డు గారికి ఒక మార్కు.

అక్కడ ఏడు గంటల దాకా ఇరుక్కుపోయాను. మూడో చదరంలో అదే నారింజ ప్యాడ్ కొత్తది తీసుకుని, మొదటి రెండు విడతలు మామూలుగా నొక్కి, చివరి రెండు విడతలు మెషిన్ బరువు తప్ప చెయ్యి బరువు వేయకుండా, మూడున్నర నంబరు మీద తిప్పాను. మసక కనబడనంతగా తగ్గింది. ఎవరూ చెప్పలేదు, చేతికే తట్టింది. ప్లేటు మీద మార్కరు గీత చూస్తూ ఉంటే ఎంత నొక్కాలో దానంతట అదే తెలుస్తుంది. ఆ ఒక్క గీత నా పదిహేను వీడియోల కన్నా ఎక్కువ నేర్పింది.

బానెట్, నాలుగు డోర్లు, డిక్కీ, పక్కలు అయ్యేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. టాప్ మిగిలిపోయింది. నడుము ఇక లేవనంది. మా అపార్ట్‌మెంటు కింది అంతస్తులో నీడ ఉంది కానీ గాలి లేదు. పదకొండు తర్వాత పాలిష్ త్వరగా ఎండిపోవడం మొదలైంది, చదరం చిన్నది చేసుకోవాల్సి వచ్చింది. వెనక ఎడమ డోరు బీడింగుకు టేపు మరిచిపోయాను. తెల్లగా పట్టుకుంది, పాత టూత్‌బ్రష్, ఆల్ పర్పస్ క్లీనర్‌తో అరగంట. తేనెమంచు మచ్చల్లో రెండు నీడలా మిగిలాయి. వాటిని అలాగే వదిలేశాను. పక్కింటి వాళ్లు ఆవకాయకు కాయలు పంపిస్తామన్నారు, ఆ లెక్కలో వేసుకుంటాను.

సాయంత్రం వాచ్‌మన్ వచ్చి కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. అతనికి నాలుగు మైక్రోఫైబర్ గుడ్డలు, ఒక స్ప్రే సీసా ఇచ్చి, నా కారుకు ఇవి మాత్రమే వాడమని, దుమ్ము ఎక్కువగా ఉంటే అసలు తుడవొద్దని చెప్పాను. అతను గుడ్డ చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడి, "అయితే సార్, రేపు పొద్దున తుడవాలా, వద్దా?" అని అడిగాడు. నాకూ వెంటనే జవాబు తట్టలేదు.

ఒక్క సందేహం మిగిలింది. టాప్ వచ్చే ఆదివారం చేస్తాను. వాడిన ప్యాడ్లను అంతవరకు ఎలా ఉంచాలి? మేడ మీద ఎండలో ఆరేశాను.

ఆటోనగర్_షెడ్డు:

ముందు వెళ్లి ఎండలోంచి తీయండి. గోరువెచ్చటి నీళ్లలో పాత్రలు కడిగే ద్రవం రెండు చుక్కలు వేసి, వేళ్లతో నొక్కి నొక్కి, తెల్ల నీళ్లు రావడం ఆగేదాకా పిండండి. బట్టలు పిండినట్టు మెలితిప్పకండి, జిగురు వదిలేస్తుంది. ఫోమ్ వైపు కిందికి, వెల్‌క్రో వైపు పైకి పెట్టి నీడలో ఆరనివ్వండి. నీళ్లు జిగురులోకి దిగకుండా కిందికి జారిపోతాయి. పూర్తిగా ఆరాకే కవరులో పెట్టండి.

టాప్‌కు కొత్త నారింజ ప్యాడ్ ఒకటి మిగిలిందా? లేకపోతే ఇంకొకటి తెప్పించండి. బిల్లు ఆవిడకు చూపించకండి.